తలుపు లోపలి నీలం

ధవళేశ్వరం,
18 నవంబరు 2024

అత్తయ్యకు,

నీ చెవి ఎలా ఉంది? మిషన్ పెట్టుకుంటే గాలి హోరు తప్ప ఏమీ వినపడటం లేదన్నావని బావ చెప్పాడు. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. నిజానికి నాకూ ఇదే సుఖం. ఎదురుగా ఉంటే సగం మాటలు మింగేస్తానని నీకు తెలుసు.

మా కాలేజీ లైబ్రరీ పైకప్పు కారుతోంది. చరిత్ర పుస్తకాల మీద పట్టా కప్పాం. వాటిని పిల్లలు ఎలాగూ ముట్టుకోరు కాబట్టి రాజమండ్రిలో ఎవరికీ దిగులు లేదు.

నాన్న కారు నా అద్దె ఇంటి వెనక అలాగే ఉంది. ఆయన పోయాక దాన్ని సరిగ్గా చూడలేదు. మొన్న ఆదివారం కడిగాను. నీలం రంగు పెచ్చులుగా ఊడి బకెట్ నీళ్ళ మీద తేలింది. తలుపుల కింద తుప్పు తినేసింది. మన ఉప్పు గాలి ఇంత దూరం వచ్చినా దాన్ని వదల్లేదు. ఇంజను మాత్రం బాగానే ఉంది. దానికి రంగు వేయిద్దామనుకుంటున్నాను.

ఎందుకో చెప్పాలి. ఈ మాట రాయడానికే కూర్చుని పైకప్పు సంగతి రాశాను.

నేను పెళ్ళి చేసుకుంటున్నాను అత్తా. ఆయన పేరు శివరామకృష్ణ. మా కాలేజీలోనే ఎకనామిక్స్ చెబుతారు. సామర్లకోట వాళ్ళు, వ్యవసాయం. పెళ్ళి మాఘమాసంలో, అక్కడే. నీ మనసులో బావ విషయం ఉందని నాకు తెలుసు. నువ్వు ఎప్పుడూ పైకి అనలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. ఈ మాట ముందుగా నీకే చెప్పాల్సింది. ఆలస్యం చేశాను.

పెళ్ళికి నిన్ను నాన్న కారులోనే తీసుకెళ్ళాలని ఉంది. నడపడం నేర్చుకున్నాను. నువ్వు వస్తావా?

ఉంటాను,
వాణి


మొగల్తూరు దగ్గర పాలెం,
29 నవంబరు

అమ్మడూ వాణీ,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నీ రాత ఇంకా చీమల బారులాగే ఉంది, కాస్త పెద్దక్షరాలు రాయవే తల్లీ. అయిదో తరగతి చదువుకి అంత చిన్నవి ఎక్కడ కనపడతాయి?

ఇక్కడ ముసురు. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలకి బూజు పట్టింది, పారబోశాను. పక్కింటి తలుపులమ్మ వాళ్ళవీ పోయాయి. ఇద్దరం కలిసి ఏడ్చి టీ తాగాం.

బావకి నీ సంగతి చెప్పాను. నవ్వాడు. "అది నన్ను చేసుకోదని నాకు చిన్నప్పుడే తెలుసే అమ్మా. పడవలో కూచోబెడితే సముద్రం కేసి చూడకుండా పుస్తకం తీసింది, ఇక నా మొహం ఏం చూస్తాది?" అన్నాడు. మళ్ళీ వేటకి వెళ్ళిపోయాడు. ఎవరిదో పడవ మీద కూలికి వెళ్ళడం వాడికి ఇష్టం ఉండదు, కానీ మీ నాన్న పోయాక మన పడవ అమ్మేశాం కదా.

కారుకి రంగు వేయిస్తున్నావని చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. మీ నాన్న ఏటా వేసవిలో వేట నిషేధం రోజుల్లో పడవని ఒడ్డుకి లాగి రంగు వేసి, మిగిలిన డబ్బాతో కారుకి వేసేవాడు. "రెండూ ఉప్పులో తిరిగేవేగా అక్కా" అనేవాడు. పడవ అమ్మాక ఆ నీలం ఇంకెక్కడా లేదు, నీ దగ్గరే ఉంది. ఆ నీలం మీద మన పసుపు గీత ముందు వైపు కాస్త పైకి లేవాలి. తిన్నగా గీస్తే అది మనది కాదు. పెయింటరుకి చెప్పు.

ఒడ్డున నిలబడితే దూరం నుంచి ముందు రంగే తెలుస్తాది, మనిషి తరవాత. మన నీలం కనపడితే గంప పట్టుకుని నీళ్ళలోకి దిగేదాన్ని. వేరేవాళ్ళదైతే మొహం పక్కకి తిప్పుకునేదాన్ని. మా అమ్మ అల్లాగే నేర్పింది. మనది కానిదాన్ని ఆశగా చూడకూడదు, చూపు తగుల్తాది అనేది. ఇప్పుడు నా కళ్ళకి ఎలాగూ రంగులే మిగిలాయి. దూరాన మొహాలన్నీ ఒక్కటే.

నువ్వు పెద్దదానివి అయ్యావు. నీ మంచిచెడ్డలు నీకు తెలుసు.

నీ మేనత్త
మరిడమ్మ


ధవళేశ్వరం,
15 డిసెంబరు

అత్తా,

పెద్దక్షరాలు రాస్తున్నాను, చూడు.

కారుని షెడ్డులో పెట్టాను. పెయింటరు పేరు ఫిన్నీ. మాట్లాడేటప్పుడు మన వైపు చూడడు, కారు వైపు చూస్తాడు. ఇద్దరం కారునే చూస్తూ మాట్లాడుకుంటాం కాబట్టి నాకు హాయిగా ఉంది. మొదటి రోజే గోటితో గీకి, "ఇది కారు పెయింట్ కాదండి, పడవలకేసేది. కుంచెతో వేశారు. ఎవరండీ వేసింది?" అన్నాడు. మా నాన్న అన్నాను. "చెయ్యి బాగుందండి, పని మాత్రం బాలేదు" అన్నాడు. నవ్వొచ్చింది. నాన్న ఉంటే ఆయనకీ వచ్చేది.

ఇప్పుడు రేగుమాలుతో రుద్దుతున్నారు. ఒక నీలం కింద ఇంకో నీలం, దాని కింద కాస్త ముదురుది. ఏ ఏడాదిది ఆ ఏడాది పొరగా ఉంది. సాయంత్రం షెడ్డు నుంచి వస్తే నా చెప్పుల నిండా నీలం పొడి. తుప్పు పట్టిన చోట రేకు అతికి పుట్టీ పెడతారట. తరవాత ప్రైమర్, దాని మీద గన్నుతో రంగు. "డోర్లు ఊడదీసి లోపలి అంచులు కూడా చెయ్యమంటారా, చాలా రోజులు పడుతుందండి" అని అడిగాడు. తలుపు మూస్తే కనపడదు కదా, వద్దన్నాను.

రంగు సంగతి ఇప్పుడే అడగకు. వచ్చాక నువ్వే చూద్దువుగాని.

నీ ఉత్తరం నేనూ రెండుసార్లు చదివాను. బావ నవ్వాడని రాశావు. నువ్వేం చేశావో రాయలేదు. నా మంచిచెడ్డలు నాకు తెలుసని రాశావు. అంటే నీకు వాటితో పని లేదనా? నేనడిగింది ఒక్కటే. వస్తావా అని.

వాణి


పాలెం,
11 జనవరి 2025

వాణీ,

చలికి వేళ్ళు వంగడం లేదు, అందుకని ఆలస్యం.

నాకు పని లేదని ఎవరన్నారే? పెద్దదానివి అయ్యావంటే అయ్యావనే. అందులో ఇంకేం వెతుకుతావు? నీతో ఇదే చిక్కు. చేపలో లేని ముల్లు కూడా తీస్తావు.

ఆ అబ్బాయికి చేప తినడం వచ్చా? రైతులు కదా, కూరలో ముక్క చూసి భయపడతారేమో. పులస అయితే నేనే ముల్లు తీసి పెడతానని చెప్పు.

నీలం ఏ కంపెనీది వేయిస్తున్నావు? మీ నాన్న నరసాపురంలో కొట్టువాడి చేత రెండు డబ్బాలు కలిపించేవాడు, ఉత్తిది వేసేవాడు కాదు. ఆయన కుంచె నా దగ్గరే ఉంది, గట్టిపడిపోయింది. పసుపు గీతకి కావాలంటే కిరసనాయిల్లో నానబెడతాను.

పెళ్ళికి రమ్మంటున్నావు. నేనొచ్చి ఏం చెయ్యను? బొట్టు లేనిదాన్ని. పీటల దగ్గర నిలబడేదాన్ని కాను, హారతి పట్టేదాన్ని కాను. వాళ్ళు కొత్తవాళ్ళు, ఏమనుకుంటారో. మూల కూచోడానికి అంత దూరం ఎందుకా అని ఆలోచిస్తున్నాను.

గీత సంగతి మర్చిపోకు.

మరిడమ్మ


ధవళేశ్వరం,
6 ఫిబ్రవరి

అత్తా,

పెళ్ళి ఇరవయ్యో తేదీ, గురువారం.

నీ ఉత్తరంలో కారు గురించి ఎంతో ఉంది. నా గురించి, మూల కూచోడానికి అంత దూరం ఎందుకు అని ఉంది. నిన్ను మూల ఎవరు కూచోబెడతారు? శివ వాళ్ళమ్మ రామతులసి గారికి నీ సంగతంతా చెప్పాను. "మీ అత్తగారు రాకపోతే నీ వైపు పెద్దదిక్కు ఎవరమ్మా?" అన్నారావిడ. బొట్టు మాట సాకు అయితే ఆ సాకు నాకొద్దు. బావ విషయంలో కోపం ఉంటే అది ఉండొచ్చు, నేను కాదనను.

బలవంతం చెయ్యడం నాకు రాదు. అందుకని ఇలా అనుకున్నాను. బుధవారం, పెళ్ళికి ముందు రోజు, పొద్దున్నే బయల్దేరి కారులో వస్తాను. నీకు రావాలని ఉంటే ఐస్ ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు మీద నిలబడు. ఎక్కించుకుని వెళ్ళిపోదాం. ఇష్టం లేకపోతే ఇంట్లోనే ఉండు. నేను లోపలికి వచ్చి నిన్ను ఇబ్బంది పెట్టను. ఏమీ అనుకోను కూడా. జవాబు రాయక్కర్లేదు.

కారు తయారైంది. చాలా బాగా వచ్చింది. ఫిన్నీ నీడలోంచి ఎండలోకి తోసి చూపించాడు. చూస్తే గుర్తుపట్టలేవు.

నీ
వాణి


పాలెం,
20 ఫిబ్రవరి

వాణీ,

ఈపాటికి తలంబ్రాలు అయిపోయి ఉంటాయి. నువ్వు చదివేసరికి ఎన్నాళ్ళవుతుందో.

నిన్న నిలబడ్డాను. చీకటి విడకముందే వెళ్ళాను. సంచీలో రెండు చీరలు, నీకు బెల్లం గవ్వలు. నీ ఉత్తరం చదివాక తలుపులమ్మ నన్ను తిట్టింది. "బొట్టు లేకపోతే చేతులు లేవా, పిల్ల నెత్తిన అక్షింతలు వెయ్యడానికి?" అంది. నిజమే అనిపించింది. బావ విషయంలో నీ మీద నాకు కోపం ఎందుకుంటాదే? వాడికే లేనిది నాకెందుకు? నువ్వు నా ఇంట్లోంచి పోతావేమోనని దిగులు, అంతే. దాన్ని కోపమంటే నేనేం చెయ్యను.

ఐస్ ఫ్యాక్టరీ వాచ్‌మేన్ పెద్దిరాజు కుర్చీ వేస్తానన్నాడు. కూచుంటే నీకు కనపడనేమోనని వద్దన్నాను. నీలం ఎప్పుడొస్తాదా అని మలుపు కేసే చూశాను. ఐస్ లారీలు వెళ్ళాయి, బస్సు వెళ్ళింది. ఎవరిదో పెళ్ళికారు వచ్చింది, తెల్లగా, బంతిపూల దండ వేసుకుని. నా దగ్గరికొచ్చేసరికి మెల్లగా అయింది. శుభానికి వెళ్ళేవాళ్ళకి నేను ఎదురుపడ్డానే అని చటుక్కున మొహం తిప్పేసుకున్నాను. వెళ్ళిపోయింది. పాపం ఎవరి పిల్లో, చల్లగా ఉండాలి అనుకున్నాను.

ఎండెక్కింది. పెద్దిరాజు "రారేమోలే అప్పా, ఇంటికెళ్ళు" అన్నాడు. కారు దారిలో ఆగిపోయిందేమో అనుకున్నాను. బావ సముద్రం మీద ఉన్నాడు, ఎవరి చేత ఫోన్ చేయించాలో తెలీలేదు. సాయంత్రానికి అర్థమైంది. నువ్వు రాలేదు, అంతే. ఏమీ అనుకోనని రాసింది నువ్వు కదా. నేనే అనుకుంటున్నాను.

గవ్వలు పెద్దిరాజు పిల్లలకి ఇచ్చేశాను.

మరిడమ్మ


సామర్లకోట,
22 ఫిబ్రవరి

అత్తకు,

పెళ్ళి జరిగింది. మా వైపు నుంచి పెద్దలెవరని పురోహితుడు అడిగితే, లైబ్రరీలో నాతో పనిచేసే శ్రీదుర్గ గారు, ఆవిడ భర్త పీటల మీద కూచున్నారు. వాళ్ళు మంచివాళ్ళు.

జవాబు రాయక్కర్లేదన్నాను. నువ్వు ఇంట్లోనే ఉండిపోయి ఉంటే నాకు అర్థమయ్యేది. కాని రోడ్డు మీద నిలబడి, నేను దగ్గరికి వచ్చాక, నా కళ్ళ ముందే మొహం తిప్పుకున్నావు. అంత కోపం ఉందని నాకు తెలీదు. ఆపాలనుకున్నాను. కాలు బ్రేకు మీదే ఉంది. దిగి ఏమనాలో తోచలేదు.

నువ్వు పెంచిన ఏళ్ళకి నీకు రుణపడి ఉన్నాను. ఇక రాసి విసిగించను.

సత్యవాణి


సామర్లకోట,
27 ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం ధవళేశ్వరం వెళ్ళి ఇక్కడికి వచ్చింది. ఇంతకు ముందు నేను రాసింది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. దాన్ని చింపెయ్యి. చింపినా చదివేసి ఉంటావు.

ఆ పెళ్ళికారు మనదే అత్తా. అందులో ఉన్నది నేనే.

తెలుపు వేయించాను. నీకు చెప్పలేదు. నువ్వు ప్రతి ఉత్తరంలోనూ నీలం అడుగుతుంటే, గీత అడుగుతుంటే, చెప్పే ధైర్యం లేక వచ్చాక చూద్దువుగాని అన్నాను. నీలమంతా గీకాక అడుగున తెలుపు బయటపడింది. "కంపెనీ నుంచి వచ్చినప్పటి రంగు ఇదేనండి" అన్నాడు ఫిన్నీ. అసలు రంగు మళ్ళీ తెప్పిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మన ఇళ్ళల్లో రంగు వేయించడమంటే ఉన్న రంగునే మళ్ళీ వేయించడమని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. బంతిపూలు శివ చెల్లెలు కట్టింది.

ఎవరూ తెలుపు వెయ్యమనలేదు. "నీలమే బాగుంది కదా" అన్నారు శివ. నరసాపురంలో కాన్వెంటు గేటు దగ్గర నాన్న హారన్ కొట్టగానే పిల్లలు "వాణీ, మీ పడవొచ్చింది" అనేవాళ్ళు. ఎవరూ తిట్టలేదు, నవ్వేవాళ్ళు, అంతే. నేను మలుపు దాటేదాకా సీటులో కిందికి జారి కూచునేదాన్ని. నాన్న అద్దంలో చూసేవారు. పెళ్ళి పందిరి ముందు ఆ నవ్వు మళ్ళీ వినాలని లేకపోయింది. ఇక్కడ నవ్వేవాళ్ళే లేరు. ఇంటి ముందు ట్రాక్టర్లూ, ట్రాలీలూ. ఒకదానికి మూడు రంగుల అతుకులు.

మనది కాని పడవ వస్తే నువ్వు మొహం తిప్పుకుంటావని నవంబరులోనే రాశావు. చదివాను. చదివినది నాకు గుర్తుంటుందని అందరూ అంటారు. ఆ పొద్దున గుర్తు రాలేదు. నువ్వు మొహం తిప్పగానే, నేను అనుకున్నదే జరిగిందనిపించింది. పాలకొల్లు దాకా ఏడుస్తూ నడిపాను.

నువ్వు ఆ పిల్ల చల్లగా ఉండాలనుకున్నావు. అదే నిమిషంలో నేను నిన్ను ఏమనుకున్నానో రాయలేను.

ఇంకొకటి. నిన్న కారు తలుపు తీస్తే కనపడింది. లోపలి అంచులు చెయ్యొద్దన్నాను కదా. తలుపు మూసినప్పుడు ఏమీ తెలీదు. తెరిస్తే, అంచు పొడుగునా నాన్న వేసిన నీలం అలాగే ఉంది. కుంచె గీతలు కూడా ఉన్నాయి. ఒక చోట పసుపు చుక్క కారి ఎండిపోయింది. నేను ఆ రోజు తలుపు తీసి దిగి ఉంటే చాలు. మాట్లాడక్కర్లేదు. నీకు తెలిసిపోయేది.

మళ్ళీ నీలం వేయిస్తాను. ఆ కొట్టువాడు ఉన్నాడేమో కనుక్కుంటాను. రేపే బయల్దేరి రావాలని ఉంది. నువ్వు రమ్మంటే వస్తాను.

వాణి


పాలెం,
24 ఏప్రిల్

వాణీ,

నీ రెండు ఉత్తరాలూ ఒక రోజు తేడాలో వచ్చాయి. మొదటిది చదివి పొయ్యిలో పెట్టాను. రెండోది దాచాను. రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. కొన్నాళ్ళు రావద్దని బావ చేత నీకు ఫోన్ చేయించింది నేనే. వాడు తిట్టాడు. "ఇద్దరూ మూగోళ్ళు, మధ్యలో పోస్టుమేన్ ఒకడు" అన్నాడు.

వేట నిషేధం పెట్టారు. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. ఎక్కడ చూసినా రంగు వాసన. మీ నాన్న పడవ నిలబడే చోట ఇప్పుడు ఒక ఫైబర్ పడవ ఉంది, దానికి రంగే అక్కర్లేదంట. రోజూ సాయంత్రం వెళ్ళి కూచుంటున్నాను. పెళ్ళి చూడలేదని బాధ ఉంది. ఉంటాది. ఫోటోలో చూసి అక్షింతలు వెయ్యలేం కదా. కానీ నాకు ఎక్కువ బాధ ఏంటంటే, నువ్వు మెల్లగా అయినప్పుడు నాకు లోపల ఏదో అనిపించింది. ఈ కారు ఎందుకు ఆగబోతోంది అనుకున్నాను. అయినా రంగు చూసి తిప్పేసుకున్నాను. నిన్ను పెంచినదాన్ని, ఇంజను చప్పుడు వినపడకపోయినా కారు ఆకారం తెలియాలి కదా. నువ్వొక్కదానివే తప్పు చేశానని రాసుకోకు.

మీ నాన్నకి తెలుసు, నువ్వు సీటులో జారిపోయేదానివని. నాతో అన్నాడు. "సిగ్గు పడతంది అక్కా, రంగు మార్చెయ్యనా?" అని. మార్చొద్దు, నేను గుర్తుపట్టొద్దా అని నేనే అన్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. చెబితే నీకు తేలికవుతాదో బరువవుతాదో తెలీదు.

మళ్ళీ నీలం వెయ్యొద్దు. మీ నాన్న చేత్తో వేసింది పోయింది. ఇప్పుడెవరు వేసినా అది డబ్బాలో రంగే. తెల్లగానే ఉంచు. తలుపు లోపలిది మాత్రం ఎవరి చేతా ముట్టించకు. కడిగేటప్పుడు కూడా గట్టిగా రుద్దకు.

అబ్బాయిని తీసుకురా. ఈసారి ఇష్టం ఉంటే నిలబడు, లేకపోతే ఇంట్లో ఉండు అని రాయకు. వస్తున్నానని రాయి, చాలు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆపు. నీకు మాట రాకపోతే దిగక్కర్లేదు, తలుపు తెరిచి పెట్టు. నేనే వస్తాను.

ఈమధ్య సాయంత్రాలు ఒడ్డు నుంచి వచ్చేటప్పుడు రోడ్డు మీద కాసేపు నిలబడుతున్నాను. లోకంలో ఇన్ని తెల్ల కార్లున్నాయని నాకిప్పటిదాకా తెలీదు. మా అమ్మ నేర్పింది ఇక చాలనుకున్నాను. ఏ తెల్ల కారు వచ్చినా మొహం తిప్పుకోకుండా చూస్తున్నాను. లోపలున్న వాళ్ళు, ఈవిడెవరు ఇలా చూస్తోంది అనుకుంటున్నట్టున్నారు. అనుకోనీ.

మీ అత్త